తాత చచ్చినా పట్టా తాతదే! వారసత్వానికి వకీలెందుకు?

గూడెం కొత్తవీధి మండలంలో ఏ ఊరికైనా వెళ్లండి. నలుగురూ కూడిన చోట కూచుని ఆ ఊరి 1బీ పైకి చదివించండి. చచ్చిపోయినోళ్ల పేర్లు ఒకటెనకొకటి వినపడతాయి. ఫలానా ఆయన కాలం చేసి ఏళ్లు గడిచాయి. సర్కారు లెక్కలో ఇంకా రైతే. ఆయన కొడుకూ పోయాడు. మనవడు పొలం దున్నుతున్నాడు, సామ చల్లుతున్నాడు, కాఫీ పళ్లు కోస్తున్నాడు, మిరియాలు ఎండబెడుతున్నాడు. కాగితం మీద మాత్రం వాడెవడో సర్కారుకి తెలీదు. అప్పుకెళ్తే పట్టాదారుని తీసుకురమ్మంటారు. ఏడనుంచి తేవాలి, గోతిలోంచా?

ఇక్కడే దళారీ దిగుతాడు. 'నీ తాత పేరు తీసి నీ పేరు ఎక్కించాలంటే కోర్టుకెళ్లాల, వకీలుని పెట్టాల, నర్సీపట్నం తిరగాల, విశాఖపట్నం తిరగాల' అంటాడు. మనోడు బెదిరిపోతాడు. మేకనో, రెండు బస్తాల కాఫీ గింజల్నో ముందే అమ్ముకుంటాడు. ఆ డబ్బు వకీలు దాకా పోతుందో లేదో ఆ దళారీకే ఎరుక. తాత పేరు మాత్రం కాగితం మీద చెక్కు చెదరకుండా ఉంటుంది.

మేం సూటిగా చెప్తున్నాం. తాత భూమి మనవడి పేర రాయించుకోడానికి, తగువు లేనంత వరకు, వకీలు అక్కర్లేదు. కోర్టు అక్కర్లేదు. అక్కరుందని చెప్పేవాడు చట్టం తెలీనోడన్నా అయుండాలి, మీ భూమి మీదో మీ మేక మీదో కన్నున్నోడన్నా అయుండాలి.

ప్రొబేట్ అన్న మాట అసలు ఎవరిది? ఒకడు వీలునామా రాసి చస్తే, ఆ వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేయడం ప్రొబేట్. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మేడలూ కంపెనీలూ ఉన్నవాళ్ల కోసం తెల్లదొర తెచ్చిన ఏర్పాటు అది. 1925 నాటి భారత వారసత్వ చట్టం కూడా ఒకప్పుడు హిందువుల వీలునామాలకు ఆ నగరాల్లో, బెంగాలు వైపున మాత్రమే ప్రొబేట్ తప్పదంది. మన ఆంధ్ర జిల్లాల్లో హిందువుల వీలునామాకి అది ఎన్నడూ తప్పనిసరి కాలేదు. ఆ చట్టంలోనే మూడో సెక్షనుంది. ఫలానా తెగకి ఈ చట్టంలోని ముఖ్యమైన భాగాలు వర్తించవని చెప్పే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే తెగల దారి వేరని రాసినవాడికే తెలుసు. అయినా ఇవాళ ఎస్టేటున్నవాడి భాష తెచ్చి ఎకరం పోడున్నవాడి నెత్తిన రుద్దుతున్నారు.

మనకి వర్తించేది వేరే ఉంది. 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం. వారసత్వంగా భూమి హక్కు వచ్చినవాడు 90 రోజుల్లో ఆ సంగతి తాసీల్దారుకి (మనోళ్ల నోట్లో ఇంకా ఎమ్మార్వోనే) రాసి ఇవ్వాలని నాలుగో సెక్షను చెప్తుంది. తాసీల్దారు నోటీసిచ్చి, అభ్యంతరాలుంటే విని, విచారించి, రికార్డు దిద్దాలని అయిదో సెక్షను చెప్తుంది. రాసివ్వాల్సింది వారసుడు, దిద్దాల్సింది ఆఫీసు. నడుమ నల్లకోటు ఎక్కడా లేదు. తాసీల్దారు కాదంటే 60 రోజుల్లో ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా సాదా అర్జీయే.

90 రోజులు దాటిపోయాయి, ఇంక నీ హక్కు పోయింది అని భయపెట్టేవాళ్లున్నారు. అబద్ధం. తండ్రి పోయిన క్షణానే హక్కు బిడ్డకొస్తుంది. రికార్డు ఆ హక్కుని రాసుకుంటుందే తప్ప పుట్టించదు. రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు రాదు, ఎక్కనంత మాత్రాన పోదు అని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది. ఆలస్యమైతే విచారణ పెరుగుద్ది, సాక్ష్యం తేవాల్సొస్తది. అంతవరకే.

మరి ఇంత తేలికైతే జనం ఎందుకు ఆగిపోతున్నారు? ఆగేది వారసత్వం దగ్గర కాదు, చావు దగ్గర. ఈ కొండల్లో మనిషి ఎలా చస్తాడో కలెక్టరాఫీసు గోడల మధ్య కూచున్నవాడికి తెలీదు. జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకెళ్లాలి. దారిలో ప్రాణం పోతే అదే డోలీలో వెనక్కి మోసుకురావాలి. ఊళ్లోనే పూడుస్తారు. డాక్టరు చూళ్లేదు, రిజిస్టరులో రాయలేదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషను చట్టం 21 రోజుల్లో చెప్పమంటుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలంటుంది. ఒకప్పుడు దానికోసం నిజంగానే కోర్టు మెట్లు ఎక్కాల్సొచ్చేది. 2023లో చట్టం మార్చారు. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గాని, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని ఆ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అంటే ఇది కూడా రెవెన్యూ వాళ్ల చేతిలో పనే. ఈ మార్పు ఎన్ని గూడేలకు దండోరా వేసి చెప్పారు? చెప్పరు. చెప్తే దళారీ బతుకు ఏం గాను?

తాత చావుకో కాగితం, తండ్రి చావుకో కాగితం, వంశవృక్షం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం. ఆ ధృవీకరణ పత్రం ఇచ్చేదీ తాసీల్దారే. అర్జీ సచివాలయంలోనో మీసేవలోనో పెట్టుకోవచ్చు. బ్యాంకులో డబ్బుకి కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ వేరు, భూమి రికార్డుకి అడిగే ఈ ధృవీకరణ వేరు. ఈ రెంటినీ కావాలనే కలగాపులగం చేస్తారు. కలిపితేనే కదా కోర్టు మాట ఎత్తడానికి వీలు.

బ్యాంకు సంగతీ చెప్పుకుందాం. ఖాతాలో నామినీ పేరుంటే డబ్బు నామినీ చేతికిస్తారు. నామినీ సొంతదారు కాదు, వారసుల తరఫున చెయ్యి చాపి తీసుకునేవాడు మాత్రమేనని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. కాబట్టి అన్న పేరు నామినీగా ఉంది కదాని చెల్లెలి వాటా మింగడానికి లేదు. నామినీ లేకపోయినా చిన్న మొత్తాలకి కోర్టు కాగితం అడగకుండా ఇచ్చేయాలని 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకీ ఆదేశాలిచ్చింది. మామూలు బ్యాంకుల్లో 15 లక్షల దాకా అది 'చిన్న మొత్తమే'. మన జీకే వీధి రైతు ఖాతాలో 15 లక్షలు ఉండవు గాక ఉండవు. మరి ఏ బ్యాంకోడన్నా పదివేల కోసం సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటే, ఆ ఆదేశం చూపించమని నిలదీయండి.

ఇప్పుడు పోడు పట్టాల దగ్గరికొద్దాం. ఈ కొండల్లో అసలు బతుకు అక్కడే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షనులోని నాలుగో ఉపసెక్షను చిన్నదే. కానీ ప్రతి గూడెంలోనూ గోడ మీద రాయాల్సిన మాటలున్నాయందులో. ఈ హక్కు వారసత్వంగా వస్తుంది. అమ్మడానికి, బదలాయించడానికి వీల్లేదు. పెళ్లయినవాళ్లయితే మొగుడూ పెళ్లాం ఇద్దరి పేరా పట్టా ఉండాలి. నేరుగా వారసుడు లేకపోతే దగ్గరి రక్తసంబంధీకుడికి పోతుంది. కోర్టుకెళ్లి రమ్మని అందులో ఎక్కడా లేదు.

'ఇద్దరి పేరా' అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. మొగుడు చచ్చిపోయిన ఆడమనిషి ఆఫీసుకెళ్తే 'నీకు వారసత్వం పెడతాం, కాగితాలు తే' అంటారు. ఏం పెడతారు? ఆవిడ వారసురాలు కాదు, మొదటినుంచీ హక్కుదారే. మొగుడు బతికున్నప్పుడే ఆ పోడు ఆవిడదీను. మొగుడి వాటా ఎవరికన్నదే ప్రశ్న. ఆవిడ వాటా ఎవడి దయా కాదు. పట్టా మీద ఫొటోలో పక్కన నిలబెట్టి, చావు తర్వాత పక్కకు తోసేయడం మనువుకి తెలిసిన విద్య. ఆ విద్య ఘాట్ రోడ్డెక్కి ఇక్కడికీ వచ్చేసింది.

ఆడబిడ్డ వాటా గురించి మాట్లాడితే ఆదివాసీ పెద్దలకి కోపం వస్తుందని మాకు తెలుసు. వచ్చినా సరే. హిందూ కోడ్ బిల్లుని నీరుగార్చారని అంబేద్కర్ 1951లో మంత్రి పదవిని విసిరి కొట్టాడు. ఆడదానికి ఆస్తిలో వాటా అన్నది ఆ బిల్లులోని పెద్ద తగువుల్లో ఒకటి. తర్వాత 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. దాని రెండో సెక్షనులోని రెండో ఉపసెక్షను, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదంది. ఆదివాసీ హిందువు కాదు, ఆదివాసీ ధర్మం వేరు అన్నంత వరకు మేమూ ఒప్పుకుంటాం, గట్టిగా ఒప్పుకుంటాం. కానీ ఆ మినహాయింపు చాటున చెల్లెల్ని, విధవ వదినని బయటికి తోసేసి 'ఇది మా ఆచారం' అంటే ఒప్పుకోం. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒడిశా ఆదివాసీ మహిళ కేసులో చట్టం వర్తించదు కాబట్టి వాటా ఇవ్వలేం, చట్టం మార్చే సంగతి కేంద్రమే ఆలోచించాలి అంది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో అదే కోర్టు ఇంకో రకంగా చూసింది. ఆడవాళ్లకి వాటా లేదనే ఆచారం ఉందని ఎవరూ రుజువు చేయలేదు, అలాంటప్పుడు ఆడదని వాటా ఎగ్గొట్టడం సమానత్వానికి విరుద్ధం అంది. అదే ఏడాది అక్టోబరులో, హిందూ వారసత్వ చట్టాన్ని కోర్టులు తమంతట తాము తెగల మీద రుద్దలేవని మళ్లీ చెప్పింది.

ఈ మూడూ కలిపి చదివితే మాకు కనిపించే దారి ఒకటే. హిందూ చట్టం కింద ఆదివాసీని తెచ్చి కట్టేయక్కర్లేదు. ఆచారం పేరుతో నలుగురు మగపెద్దలు తీర్పు చెప్పడమూ అక్కర్లేదు. ఆచారం ఏంటో చెప్పే హక్కు గ్రామసభది. గ్రామసభ అంటే ఆడవాళ్లు కూడా. 1996 పెసా చట్టం ఆచార సంప్రదాయాలను కాపాడుకునే అధికారం, తమ పద్ధతిలో తగువులు తీర్చుకునే అధికారం గ్రామసభకిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి 2011లో నియమాలు కూడా వచ్చాయి. ఎవడు చచ్చాడు, ఎవరు వారసులు, ఏ చెక్క ఎవరు సాగు చేస్తున్నారు అన్నది ఊరికి తెలిసినట్టు విశాఖపట్నం వకీలుకి తెలుస్తుందా? గ్రామసభ తీర్మానం మీద వారసుల పేర్లు రాసి, కూతుళ్ల పేర్లతో సహా రాసి, అందరి చేతా వేలిముద్రలు వేయించి తాసీల్దారుకి, పోడు పట్టా అయితే ఐటీడీఏకి కూడా పంపండి. తగువు లేని వారసత్వానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ కోర్టులో దొరుకుద్ది?

వకీళ్లంటే మాకు పగ లేదు. అంబేద్కరూ వకీలే. భూమి గిరిజనేతరుడి కబ్జాలో ఉన్నప్పుడు, అన్నదమ్ములు కత్తులు నూరుకుంటున్నప్పుడు వకీలు కావాలి. అప్పుడు కూడా మేక అమ్మకండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు కులాలకి, తెగలకి, ఆడవాళ్లకి వకీలుని ఉచితంగా ఇవ్వాలి. ఆదాయం ఎంతని కూడా అడగకూడదు.

అసలీ కొండల్ని మామూలు కోర్టుల నుంచి వేరు చేసిందే తెల్లోడు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలని కలెక్టరు చేతికిచ్చి 'ఏజెంటు' అన్నాడు. కొండోళ్లకి సాదా విచారణ చాలన్నాడు. ఆ 'సాదా' పాలనలోనే గూడెం తాలూకాలో బాస్టియన్ లాంటి డిప్యూటీ తాసీల్దారు కూలివ్వకుండా కొండ రోడ్డుకి రాళ్లు మోయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం జనం 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడ్డది ఊరికే కాదు. ఆ తిరుగుబాటు అణిచిన 1924లోనే ఏజెన్సీ రూల్సు వచ్చాయి. తర్వాత 1969 రెగ్యులేషనుతో ముఠాదారీ పోయింది. సర్వేలు జరిగాయి, రైత్వారీ పట్టాలు రాశారు. తాతల పేర్లు అప్పుడెక్కినవే. ఎక్కించిన చెయ్యి మళ్లీ తిరిగి చూళ్లేదు. 2022లో పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడింది, దానికి అల్లూరి పేరు పెట్టారు. పేరు పెట్టడం సులువు. రికార్డులో మనవడి పేరు ఎక్కించడం కష్టమట!

ఇంత గోల ఎందుకంటే, చచ్చినోడి పేరు మీద ఉన్న పట్టా ఖాళీ ఇల్లు లాంటిది. ఎవడైనా దూరొచ్చు. ఈ మాట విని మైదానం మిత్రులు ఏజెన్సీలో 1/70 ఉంది కదా అంటారు. ఉంది. 1959 భూబదలాయింపు రెగ్యులేషను, దాన్ని బిగించిన 1970 సవరణ. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి అమ్మడం, తనఖా, కౌలు, దానం, మారకం ఏదీ చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదేనని ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే బరువు వాడిదే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనంది. 1997లో సమతా కేసులో సర్కారు కూడా ఇక్కడి భూమిని గిరిజనేతర గనుల కంపెనీకి లీజుకివ్వకూడదంది. బంగారం లాంటి చట్టం.

కానీ ఆ చట్టంలో 'బదలాయింపు' అంటే ఏంటో చెప్పిన చోట ఒక చిన్న మాట ఉంది. వీలునామా ద్వారా ఇచ్చేది బదలాయింపు కిందికి రాదని. అమ్మితే చెల్లదు, కౌలుకిస్తే చెల్లదు, దానమిస్తే చెల్లదు. 'నేను చచ్చాక ఈయనకి' అని రాస్తే మాత్రం ఆ నిర్వచనంలో పడదు! ఇంటికి ఏడు తాళాలేసి దొడ్డి తలుపు తీసిపెట్టడం అంటే ఇదే. వీలునామాకి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెల్లకాగితం, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. అప్పులిచ్చిన షావుకారు చేతిలో ముసలోడి వేలు ఎంత సేపు? బినామీ పేర్లతో, గిరిజన ఆడపిల్లల్ని పేరుకి పెళ్లాడి భూములు పట్టిన వాళ్లకి ఈ దొడ్డి తలుపు కనపడదా? వారసుల పేర్లు రికార్డులో ఉంటే ఆ కాగితం చూసి నలుగురు ప్రశ్నిస్తారు. తాత పేరే ఉంటే, తాత రాశాడంటూ ఏ కాగితమైనా తీసుకురావొచ్చు. కాదని చెప్పడానికి తాత లేడు.

కాబట్టి మా డిమాండు. ఏజెన్సీలో గిరిజనేతరుడి పేర రాసే వీలునామా చెల్లదని రెగ్యులేషను సవరించాలి. అయిదో షెడ్యూలు కింద గవర్నరుకి ఆ అధికారం ఉంది. గిరిజన సలహా మండలితో మాట్లాడాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. కంపెనీల కోసం ఫైళ్లు ఎంత పరుగెడతాయో జెర్రెల బాక్సైటు కొండలడిగితే చెప్తాయి. ఇదొక్క లైను చేర్చడానికి అడ్డమేంటి? రెండోది, తగువు లేని వారసత్వాలన్నీ ఊళ్లోనే, గ్రామసభలోనే తేల్చాలి. తాసీల్దారు, పంచాయతీ కార్యదర్శి రిజిస్టర్లు పట్టుకుని గూడేలకి రావాలి. పట్టాలిచ్చే రోజున ఫొటోగ్రాఫర్లతో సహా కొండెక్కినవాళ్లు, వారసత్వం రాయడానికి ఎక్కలేరా?

మైదానంలో మాల మాదిగ పల్లెల్లో డి-పట్టాల కథా ఇదే. 1977 చట్టం అసైన్డు భూమి వారసులకొస్తుంది, అమ్మడానికి వీల్లేదంది. 2023లో చట్టం మార్చి 20 ఏళ్లు దాటినవాటిని అమ్ముకునే దారి తెరిచారు. అమ్ముకునే దారి వెడల్పు చేశారు గాని, చచ్చిపోయిన తండ్రి పేరు తీసి బిడ్డ పేరు రాసే దారి ఇంకా సందుగానే ఉంచారు. కొనేవాళ్లెవరో వేరే చెప్పాలా? కొండ మీద, కొండ కింద మన తాతల పేర్లే కాగితాల మీద ఉన్నాయి గనక ఈ పని ఇద్దరం కలిసి చేయాల్సిందే.

ఈ సంచిక అందిన ఊళ్లల్లో చదువొచ్చిన పిల్లలకి ఒక మాట. మీ ఊళ్లో ఎవరి పట్టా ఏ తాత పేర ఉందో జాబితా రాయండి. ఇంటింటికీ వంశవృక్షం గీయండి, ఆడపిల్లల్ని మరిచిపోకుండా గీయండి. ఈ మధ్య పోయినవాళ్ల చావులు 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించండి. పాత చావులకి అర్జీ పెట్టండి. ప్రతి అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. రసీదివ్వం అంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచండి. నెలలు గడిచినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద, మా అర్జీ ఎవరి బల్ల మీద ఉంది, ఎన్నాళ్లనుంచి ఉంది అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కొక్కరుగా వెళ్లకండి, ఒక్కడు పోతే రేపు రమ్మంటారు. ఊరంతా ఒకే రోజు వెళ్లండి.